ఎరువు చేరిన చెరువు



ఎవరి స్మృతికై నేడు మనమిచట సమావేశమైతిమో ఆ మాస్టారుగారి పేరును వేదికపై మాటిమాటికి ఉచ్చరింపవలదని, ఆయనకు పొగడ్త బొత్తిగా గిట్టెడిది కాదని, వారి కుమారులు నాకు ముందుగానే చెప్పియుంచిరి. కావున ఆహ్వానపత్రముపై అచ్చైన పేరుతోనే తృప్తిపడి, ఆయనకు ప్రీతిపాత్రమైన విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే తగినదని భావించుచున్నాను. పాఠ్యపుస్తకమునందలి శైవలముల బొమ్మను పిల్లలచేత పదిమార్లు వేయించుటకంటె, చెరువునీటిని సీసాలో తెచ్చి ఒక్క చుక్కను సూక్ష్మదర్శినిక్రింద చూపుట మేలని నమ్మిన జీవశాస్త్రోపాధ్యాయులాయన. ఆ సీసాలోని నీటి రంగు ఏటేట చిక్కనగుచు వచ్చుటకు కారణమేమి యనునదే నేటి ప్రసంగము.

పొలమునకు వేసిన ఎరువు వాననీటితో కొట్టుకొనివచ్చి మంచినీటి చెరువునందు చేరినప్పుడు, మనము నాచు, పాచి అని పిలుచు శైవలజాతి పెచ్చరిల్లునని నేడు ఎనిమిదవ తరగతి పిల్లవాడును చెప్పగలడు. అయితే చెరువులోనికి ఎరువు వచ్చుట మన పూర్వులెరుగని వింత కాదు. వచ్చినది మరల పొలమునకు చేరుకొను త్రోవ ఎప్పుడు, ఎట్లు మూసికొనిపోయినదో విచారించుటయే నా ఉద్దేశము.

ఇందుకు మన హైదరాబాదులోని ఉప్పల్, నాచారములనే చూతము. ఉప్పల్ అనగానే నేటివారికి క్రికెట్ స్టేడియమును, 2017లో నాగోలునుండి బయలుదేరిన మెట్రో రైలును స్ఫురించును. నాచారమనగా పారిశ్రామికవాడ, లారీలు, గోదాములు. ఉప్పల్ దారివెంటనే 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1977లో పుట్టిన సీసీఎంబీయు కలవు. వీనికన్నిటికి పూర్వము ఇవి చెరువుక్రింది ఊళ్లు. వరంగల్ రహదారి ప్రక్కన ఉప్పల్ నల్లచెరువు, హెచ్ఎంటీ నగర్ వైపున నాచారం పెద్దచెరువు, రామంతాపూర్‌లో పెద్దచెరువు, చిన్నచెరువు, అన్నిటికి దిగువను మూసీనది, ఆ నది యొడ్డున కూరగాయలకు పేరుపడిన ఉప్పల్ భగాయత్ తోటలు: నేలవాలు అంతయు మూసీవైపునకే యుండుటచేత, ఎగువచెరువు మత్తడి దుమికిన నీరు దిగువచెరువునకు, అచటినుండి నదికి పోవుచుండెడిది. పశువుల పేడ, గొర్రెలమంద వదలిన ఎరువు, ఇంటిచెత్త, ఇవన్నియు తొలకరివానకు కొంత కొట్టుకొనివచ్చి చెరువు అడుగున ఒండ్రుగా పేరుకొనెడివి. నడివేసవిలో చెరువెండినప్పుడు రైతులు బండ్లు కట్టుకొని వచ్చి, శిఖములో నెరియలు వాసిన ఆ నల్లని మట్టిని గడ్డపారలతో పెళ్లగించి, తమ చల్కలకు తోలుకొనెడివారు. చెరువుమట్టి తోలిన చేను మూడేండ్లు మాటవినునని పెద్దలు చెప్పుకొనెడివారు. వారికి భాస్వరమను మూలకము పేరు తెలియదు. కాని పొలమునుండి దిగినదానిని మరల పొలమెక్కించు విద్య వారికి క్షుణ్ణముగా తెలియును. 2015లో ఆరంభమైన చెరువుల పునరుద్ధరణ పథకము మిషన్ కాకతీయలో పూడికమట్టిని రైతులు తమ పొలములకు తరలించుకొనుడని చెప్పుట ఈ పాత అలవాటును తిరుగ తట్టిలేపుటయే.

ఇక శాస్త్రవిషయము. మొక్కకు కావలసిన పోషకములలో ఏది మిక్కిలి తక్కువగా లభించునో దానినిబట్టియే పెరుగుదల నిర్ణయమగునని పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున జర్మనీలో స్ప్రెంగెల్, అనంతరము లీబిగ్ ప్రతిపాదించిరి. శైవలముల దేహమునందు పరమాణువుల లెక్కన నూటయారు పాళ్లు కర్బనమునకు పదునారు పాళ్లు నత్రజని, ఒక్క పాలు భాస్వరము ఉండునని రెడ్‌ఫీల్డ్ సముద్రజలముల పరిశీలనవలన కనుగొనిన లెక్క మంచినీటికిని స్థూలముగా వర్తించును. కర్బనము గాలిలోనున్నది, నత్రజనియు గాలిలోనున్నది, దానిని పట్టి వాడుకొనగల శైవలములును కలవు, భాస్వరము మాత్రము గాలిలో లేదు. అందుచేత చెరువునకు తాళముచెవి భాస్వరము చేతిలో నున్నది.

ఎంత భాస్వరము చాలును? ఈ ప్రశ్నకు సమాధానము వినినప్పుడు నాకు నేటికిని ఆశ్చర్యమే కలుగును. లీటరునీటిలో భాస్వరము 35 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో పదిలక్షలవంతుల లెక్కన ముప్పదియైదు భాగములు, దాటెనా ఆ నీరు అతిపోషితమని పాశ్చాత్యదేశముల సరోవరశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన రైతు భుజముపై మోసికొనిపోవు 50 కిలోల డీఏపీ బస్తా నొకదానిని తీసికొందము. బస్తాపై అచ్చైన 18-46 అను అంకెలలో రెండవది భాస్వరపు ఆక్సైడు శాతము; దానిని మూలకముగా మార్చి లెక్కించిన బస్తాలోని భాస్వరము 10 కిలోలు. ఇరువదియైదెకరముల విస్తీర్ణమును, సగటున రెండు మీటర్ల లోతును గల చెరువులో సుమారు 20 కోట్ల లీటర్ల నీరుండును. ఆ ఒక్క బస్తాలోని భాస్వరము సంపూర్ణముగా కరగి ఆ నీటిలో కలసెనేని లీటరుకు 50 మైక్రోగ్రాములగును! ఎండిన శైవలపదార్థములో భాస్వరము నూటికి ఒకపాలు మాత్రమే కావున, ఆ పదికిలోలు తగిన ఎండయు తోడైనచో ఒక టన్ను ఎండు నాచునకు పెట్టుబడి కాగలవు.

బస్తా అంతయు చెరువులో పడదు, నిజమే. మన ఎర్రనేలలయందలి ఇనుము భాస్వరమును గట్టిగా పట్టుకొనును. అది కరగి పోవుటకంటె మట్టిరేణువుల నంటుకొని పోవుటయే ఎక్కువ. అందువలననే ఏడాదిపొడుగునను కురిసిన జల్లులకంటె, దుక్కిదున్ని ఎరువుచల్లిన మరునాడు ఉరిమి కురిసిన ఒక్క పెద్దవాన ఎక్కువ భాస్వరమును చెరువునకు చేర్చును. గట్టు తెగిన మడినుండి పారు ఎర్రనీటిని చూచినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. యూరియా తీరు వేరు. వరిమడిలో చల్లిన నత్రజనిలో పైరు గ్రహించునది నూటికి ముప్పదినుండి నలువది పాళ్లు మాత్రమేయని వ్యవసాయశాస్త్రజ్ఞుల అంచనా. తక్కినది ఆవిరియై గాలిలో, నైట్రేటై నీటిలో కలయును. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు, 50 కిలోల డీఏపీ 1350 రూపాయలకు దొరకుచుండ రైతు చేయి ఏ బస్తావైపు పోవునో ఊహింపవచ్చును. 2010లో పోషకాధార సబ్సిడీ విధానమును తెచ్చినవారు యూరియాను దాని వెలుపలనే ఉంచిరి. ఈ అసమత్వమునకు రైతును నిందించుట నాకు న్యాయముగ తోచదు.

ఈ విషయమై పరదేశముల పుస్తకములే శరణ్యమని మనవారు తలంతురు గాని, మన నగరముననే గొప్పపని జరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రశాఖకు చెందిన ఏ. ఆర్. జాఫర్ హైదరాబాదు చేపలచెరువుల శైవలములపై వ్రాసిన వ్యాసములు 1964 మొదలుకొని హేగ్ నగరపు హైడ్రోబయోలాజియా పత్రికయందు వెలువడెను. వి. వెంకటేశ్వర్లు మూసీనది శైవలములను కాలుష్యదృష్టితో పరిశీలించి 1969లో ప్రకటించిరి. ఎం. మునవర్ కాలుష్యమెరుగని చెరువులను, కలుషితమైన చెరువులను సరిపోల్చి 1970లో హైదరాబాదు చెరువుల జీవజాలమును వర్ణించి, పిమ్మట కెనడాకు పోయి ఆ దేశపు మహాసరస్సులను శోధించి పేరొందిరి. సీసాలు, వలగుడ్డ, సూక్ష్మదర్శిని, ఓపిక, ఇవే ఆనాటి ముఖ్యసాధనములు. నేటి నల్లచెరువు నీటిని నాటి చెరువుల నీటితో పోల్చవలెనన్నచో ఈ వ్యాసములే మనకు మిగిలిన కొలమానము. కాని వానిని తెరచిచూచు విద్యార్థులు అరుదైపోవుట విచారకరము.

శైవలము స్వతహాగా శత్రువు కాదను మాటను ఇచట నొక్కి చెప్పవలెను. చేపలచెరువు రైతు సూపర్ ఫాస్ఫేటును, యూరియాను, పేడను తానే కొలిచి నీటిలో వేయును; పచ్చని నీటిలోని సూక్ష్మజీవులే బొచ్చెకు, రవ్వుకు ఆహారము. అతడు మోచేతివరకు చేయి నీటముంచి, అరచేయి కానరాకున్నచో నీరు పండినదని, మునివ్రేళ్లు స్పష్టముగ కానవచ్చినచో ఇంకను ఎరువు కావలెనని, అరమూరలోనే చేయి మాయమైనచో ఎరువు ఆపవలెనని తేల్చుకొనును. పి. కె. డే 1939లో చూపినట్లు, వరిమళ్లలో నత్రజనిని కూడబెట్టునవి గూడ శైవలములలో ఒక తెగయైన నీలిహరిత శైవలములే. పొలములో ధర్మాత్ములైన ఈ జీవులు చెరువులో హద్దు మీరినప్పుడే చిక్కు.

ఆ చిక్కు అంతయు పగటివేళ కంటబడదు. మైక్రోసిస్టిస్ అను నీలిహరిత శైవలము తన కణములలో గాలిబుడగలను నింపుకొని గుంపులుగా పైకి తేలును. గాలి వీచినవైపు ఒడ్డున పచ్చరంగు కలిపినట్లు పేరుకొనును, ఎండకు నీలమై, పిదప తెల్లబడి దుర్వాసన కొట్టును. మిట్టమధ్యాహ్నము అది బొగ్గుపులుసుగాలిని పీల్చివేయుటచేత నీటి క్షారత పెరిగి పీహెచ్ 9 దాటవచ్చును. పీహెచ్ 7 వద్ద నీటిలోని అమ్మోనియాలో విషరూపమున నుండునది నూటికి ఒకపాలైనను కాదు. 9 వద్ద అది మూడవవంతుకు మించును. యూరియానుండి గాని మురుగునుండి గాని వచ్చిన అదే అమ్మోనియా ఉదయము నిరపాయమై మధ్యాహ్నమునకు చేపల మొప్పలను మాడ్చునన్నమాట. రాత్రి మరియొక కథ. వెలుతురు లేనివేళ శైవలములును ప్రాణవాయువునే పీల్చును, క్రుళ్లిన శైవలమును తిను సూక్ష్మజీవులును పీల్చును. నాలుగుదినములు మబ్బుపట్టి ముసురు కురిసినచో తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు సున్నకు దిగును. చేపలు నోళ్లు తెరచి నీటిపైకి వచ్చుటను చూచిన మత్స్యకారుడు సూర్యోదయమునకు ముందే వలతో పరుగెత్తును. ఆలస్యమైనచో ఒడ్డంతయు తెల్లని పొట్టలే. మైక్రోసిస్టిస్ విసర్జించు విషము కాలేయమును చెరచును: 2014 ఆగస్టులో ఈరీ సరస్సునందు అది ముమ్మరమైనప్పుడు అమెరికాలోని టొలీడో నగరమున సుమారు ఐదులక్షలమందిని కుళాయినీరు త్రాగవద్దని అధికారులు ఆజ్ఞాపింపవలసి వచ్చెను. అచటి సరస్సునకు భాస్వరము వచ్చినది ముఖ్యముగా మొక్కజొన్న, సోయా పండించు పొలములనుండియే.

భాస్వరమే ప్రధానదోషియని నిస్సందేహముగ చూపినది కెనడాలోని ఒక చిన్నసరస్సు. 1973లో షిండ్లర్ బృందము 226 అను సంఖ్య గల సరస్సును నడుమ సన్నబడినచోట తెరతో రెండుగా విభజించి, ఒకభాగమున కర్బనమును, నత్రజనిని, రెండవభాగమున వానితోపాటు భాస్వరమును కలుపగా, భాస్వరము కలిసిన భాగము మాత్రమే పచ్చనై, ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రము జగత్ప్రసిద్ధమయ్యెను. దానిని మన చెరువులకు అక్షరాల అన్వయింపరాదు. మురుగు మెండుగా దిగు లోతులేని చెరువులలో భాస్వరము తెగమిగిలి నత్రజనియే కొరతపడుట కలదు, అప్పుడు గాలినుండి నత్రజనిని లాగుకొను అనబీనా వంటివానిదే రాజ్యమగును.

ఇప్పుడు ఉప్పల్ నాచారములలో వరిపొలమెక్కడ, ఎరువెక్కడ అని మీరడుగవచ్చును. ఆయకట్టు కాలనీలైనది, భగాయత్ భూములను నాటి నగరాభివృద్ధి సంస్థ హుడా సేకరించిన తరువాత అవి ప్లాట్లయి వేలమున అమ్ముడుపోయినవి. పొలము పోయినను బస్తా పోలేదు. మనిషి దినమునకు ఒకటిన్నర గ్రాముల భాస్వరమును విసర్జించును; ఆ లెక్కన ఇరువదిమంది ఒక సంవత్సరములో ఇంచుమించు ఒక డీఏపీ బస్తాలోని భాస్వరమును నాలాలో కలుపుదురు. వేయిమంది కాపురమున్న ఒక కాలనీ మురుగు చెరువులో పడుచున్నదనగా ఏటేట ఏబది బస్తాలను కట్టపై నిలిచి గుమ్మరించుటతో సమానము. ఆ భాస్వరము గూడ ఎచటినుండి వచ్చినది? నల్లగొండ వరిచేలకు, మెదక్ మొక్కజొన్నచేలకు, డెల్టా పంటకాలువలక్రింది మళ్లకు వేసిన బస్తాలే బియ్యమై, పప్పై, పాలై నగరమునకు తరలివచ్చినవి. కాబట్టి నాచారం పెద్దచెరువులో తేలునది ఎక్కడో దూరపు పల్లె రైతు చల్లిన ఎరువే. మన కడుపుల మీదుగా చుట్టుతిరిగి వచ్చినదంతే.

మురుగుశుద్ధి కేంద్రములు లేవా? కలవు. మూసీ కాలుష్యనివారణకై తొలుత కట్టినవానిలో అంబర్‌పేటది దినమునకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలుది 17.2 కోట్లు, నల్లచెరువుది 3 కోట్లు శుద్ధిచేయుటకు ఉద్దేశించినవి. ఆనాటి పద్ధతి ప్రధానముగ మురుగులోని సేంద్రియపదార్థమును తగ్గించుటకు ఏర్పడినది. దుర్గంధము తగ్గును, నీరు తేటపడును, కాని నత్రజని భాస్వరములు చాలమట్టుకు అట్లే సాగిపోవును. తేటనీరు చూచి చెరువు బాగుపడెనని మురియునంతలో శైవలములకు వెలుతురు ఇంకను లోతునకు అందుట, పెరుగుదలకు మరింత అనుకూలమగుటయు కలదు.

దిగువనకు పోయినకొలది ఇదే నీరు వేషము మార్చును. ఘట్‌కేసర్ మండలమున ప్రతాపసింగారం, ఏదులాబాద్ దిక్కున మూసీపై కట్టిన కత్వలు నీటిని కాలువలకు మళ్లించి వరిని, పశుగ్రాసమును పండించుచున్నవి. ఈ నీరు పారు పొలములకు యూరియా తక్కువ చాలునని అచటి రైతులే చెప్పుదురు. నగరము పారవైచినది పల్లెకు ఎరువగుచున్నది! అయితే ఆ నీటిలో నత్రజని పైరు కోరినప్పుడు కాక కాలువ పారినప్పుడెల్ల వచ్చును. వరి వెన్ను తీయువేళ అధికనత్రజని చేరినచో పైరు ఏపుగ పెరిగి పడిపోవును, గింజ తాలుపోవును. మోతాదు రైతు చేతిలో లేని ఎరువది.

నేను ఎక్కువసేపు నిలువదలచినది బురదవద్ద. ఇంగ్లండులోని విండర్‌మియర్ ప్రాంత సరోవరములయందు మార్టిమర్ 1941, 42 సంవత్సరములలో కనుగొనిన దేమనగా, అడుగున ప్రాణవాయువున్నంతకాలము బురదలోని ఇనుము భాస్వరమును పట్టియుంచును. ప్రాణవాయువు నశించిన క్షణమే ఇనుము కరగి తన పట్టు వదలును. చల్కలో భాస్వరమును బిగబట్టిన ఇనుమే చెరువడుగున దానిని విడిచిపెట్టును. కావున నాలాలన్నిటిని నేటినుండి మళ్లించినను, ఇరువది ముప్పదియేండ్లుగా పేరుకొన్న బురద ప్రతి వేసవిరాత్రియు కొంత భాస్వరమును పైకి వదలుచునే యుండును. సియాటిల్ నగరము 1968 నాటికి తన మురుగును వాషింగ్టన్ సరస్సునుండి మళ్లింపగానే అది కొలదియేండ్లలో తేరుకొనుట నిజమే. అది లోతైన సరస్సు, నీరు త్వరగా మారును. మన చెరువులు నిలువునీటి గుంటలు. బురదలోని ఇనుమునకు మరియొక ముప్పును కలదు. వినాయక నిమజ్జనమును గూర్చి ఏటా రంగుల విషములనే చర్చింతురు గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనునది కాల్షియం సల్ఫేటు. ఆ సల్ఫేటు బురదలో సల్ఫైడై ఇనుమును కబళించినచో భాస్వరమును పట్టుటకు ఇనుమే మిగులదు. ఈ సంగతి ఎవరును ఎత్తరు. అంతమాత్రమున ఏడాదికొకమారు వచ్చు దేవుని నిందించి, మూడువందల అరువదియైదు దినములు దిగు నాలాను విస్మరించుట సబబు కాదు.

మరి బురదను ఎత్తి పూర్వమువలె పొలములకు తోలరాదా యన్నచో, త్రోవ మూసికొనిపోయినదని నేను మొదట చెప్పినది ఇచటనే. తోలుటకు చుట్టుప్రక్కల పొలము లేదు. దూరపు పొలమునకు తోలుదమన్న పరిశ్రమలవాడ నీరు దిగిన చెరువు బురదలో సీసము, క్రోమియము వంటి లోహములు చేరియుండవచ్చును గనుక పరీక్షింపక తోలుట రైతునకు ద్రోహము. అందుచే బురద చెరువులోనే పెరుగును, లేదా ఏ ఖాళీస్థలములోనో గుట్టపడి మరుసటి వానకు మరియొక చెరువునకు ప్రయాణమగును. భూరసాయనమును శోధించు ప్రయోగశాలలు ఉప్పల్ రోడ్డుపైననే యుండగా, ఒక్కొక్క చెరువునకు ఏటా లోనికి వచ్చు భాస్వరమెంత, బయటికి పోవునదెంత, బురదలో ఏ లోహమెంత అని జమాఖర్చు వ్రాయుట అసాధ్యము కాదు. ఖనిజభాస్వరము కొరకు ఎడారిదేశములనుండి ఓడలు తెప్పించుకొనుచున్న మనము ఆ లెక్క వ్రాయకుండుటకు సాకు లేదు.

చెరువులోని భాస్వరమును బయటికి పంపు మార్గములు మూడు నాకు తోచుచున్నవి. మొదటిది చేప. చేప పచ్చిబరువులో భాస్వరము నూటికి అరపాలుకు ఇంచుక తక్కువ. రెండుటన్నులకు పైబడి చేపలు పట్టిన గాని ఒక డీఏపీ బస్తా వెలికి రాదు. అయినను మత్స్యకారులైన ముదిరాజ్, గంగపుత్ర సంఘములకు చెరువుపై హక్కు నిలిపి యుంచుట వారి బ్రతుకునకును, నీటికిని మేలే, ఆ చేప తినదగినదని పరీక్షలో తేలినచో. రెండవది శుద్ధికేంద్రమందే భాస్వరమును అవక్షేపముగ పట్టి ఎరువుగా అమ్ముట. ఇది ఖర్చుతో కూడినది, పురపాలకులకు పట్టదు. మూడవది గుర్రపుడెక్క. నగరమంతట యంత్రములతో దానిని తీయించుచున్నారు. పుష్టిగా భాస్వరమును, నత్రజనిని మ్రింగి పెరిగిన ఆ మొక్కను తీయుట నిజముగ చెరువునుండి ఎరువును తోడివేయుటయే. కాని తీసినదానిని కట్టకు లోపలివైపున, నీటికి పదియడుగుల దూరమున కుప్పవేసి పోవుదురు. వారము తిరుగకముందే అది క్రుళ్లి పసరుకారును, తొలివాన ఆ పసరును యథాస్థానమునకు చేర్చును, గుత్తేదారునకు బిల్లు మంజూరగును. ఆ కుప్పను కట్టకు ఆవలివైపున, వాలు చెరువునకు దూరమైనచోట వేయించి, పేడ కలిపి కంపోస్టు చేయించి, లోహపరీక్ష ముగిసిన పిమ్మట నగరపు తోటలకు, నర్సరీలకు పంపవలెనను నియమము గుత్తపత్రములో ఒక వాక్యముగ చేర్చినచో చాలును. ఆ వాక్యమును రాబోవు వేసవి టెండరులోనైన చేర్పింపుడని ఈ సభలోనున్న కార్పొరేటరుగారిని, కాలనీ సంఘముల ప్రతినిధులను ప్రార్థించుచున్నాను.